మిన్నెసోటా మిట్టెన్లు, ముత్తుకూరు కోల్డ్ స్టోరేజీ

మైనస్ 20 డిగ్రీల గదిలో రోజూ పనిచేసేవాళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్నారంటే బయటివాళ్లు నవ్వుతారు. మే నెలలో 42, 43 డిగ్రీలు కాసే ఊరు మరి. కానీ గడ్డకట్టిన రొయ్య మైనస్ 18 దాటి వేడెక్కకూడదు. అందుకే స్టోరేజీని ఇంకో రెండు డిగ్రీలు కిందనే పెడతారు. ముత్తుకూరు వైపు ఒక రొయ్యల ప్లాంటులో లోడింగ్ చూడటం నా పని. కార్టన్లు లెక్కబెట్టాలి, లాట్ నంబర్లు సరిచూడాలి, కంటైనర్ నిండేదాకా దగ్గరుండాలి. జాకెట్లూ బూట్లూ కంపెనీవి బాగానే ఉంటాయి. తంటా అంతా చేతుల దగ్గరే. ప్లాంటులో ఇచ్చే రబ్బరు గ్లౌజులు వేసుకుంటే కాసేపటికే చిటికెన వేలు మొద్దుబారేది, ఆ తర్వాత పక్క వేలు.

మా బావ అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ చలికాలంలో సరస్సులు గడ్డకడితే జనం వాటి మీదికి నడిచివెళ్లి, మంచుకు బొక్క పెట్టి గాలం వేస్తారు. మనిషి నడవాలంటే గట్టి మంచు కనీసం 4 అంగుళాల మందం ఉండాలని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. మైనస్ 30కి పడిపోయే తెల్లవారుజాములు కూడా ఉంటాయట. ఆ వేటకని అమ్మే మిట్టెన్లు ఒక జత తెచ్చి, "నీ ఫ్రీజర్‌కి ఇవే కరెక్టు బామ్మర్దీ" అన్నాడు. అప్పటినుంచి లోడింగ్ ఉన్న ప్రతిరోజూ అవే వాడుతున్నాను.

మిట్టెన్ అంటే నాలుగు వేళ్లూ ఒకే అరలోకి వెళ్లే తొడుగు. బొటనవేలికి మాత్రం వేరే గది. వేళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒకదాని వేడి ఇంకొకదానికి అందుతుంది. మామూలు గ్లౌజులో ఒక్కో వేలికీ చుట్టూ చలే. నావాటికి పైన నీళ్లు పట్టని నైలాన్ గుడ్డ, అరచేతికి తోలు, లోపల థిన్సులేట్ అనే కృత్రిమ దూది ఉన్న లైనర్, అంటే లోపలి పొర. ఆ లైనర్ ఊడి బయటికి వస్తుంది. మణికట్టు దాటి వచ్చే పొడవాటి అంచు జాకెట్ చేతి మీదుగా ఎక్కుతుంది, తాడు లాగితే బిగుసుకుంటుంది. వెచ్చదనం విషయంలో వంక పెట్టడానికి లేదు. బ్లోయర్ ఫ్యాన్ గాలి సూటిగా కొట్టే మూలన నిలబడినా వేళ్లు నా మాట వింటున్నాయి.

అయితే మనవైపు వీటికి అసలు శత్రువు చలి కాదు, చెమట. బయట ఉక్కలో లారీ దగ్గర నిలబడి కాగితాలు చూసుకుని వచ్చేసరికి అరచేతులు తడిసి ఉంటాయి. అదే చేతుల్ని నేరుగా మిట్టెన్‌లో దూర్చామా, లైనర్ చెమ్మ పట్టినట్టే. నీళ్లు గాలికన్నా పాతిక రెట్ల దాకా ఎక్కువగా వేడిని లాగేస్తాయి, చెమ్మ పట్టిన లైనర్ ఎంత మందంగా ఉండీ ఏం లాభం. బావకూ ఈ బాధ ఉందట. మంచుకు బొక్క పెట్టేటప్పుడు ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి అప్పుడు పల్చటి గ్లౌజులు వేసుకుంటాడు, గాలం వేసి కూర్చున్నాకే మిట్టెన్లు తొడుక్కుంటాడు.

నేను చేసేది ఇది. ముందుగదిలో తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పల్చటి ఉన్ని గ్లౌజులు తొడిగి, వాటిమీద మిట్టెన్లు వేసుకుంటాను. లోపలికి నూలు గ్లౌజులు మాత్రం పనికిరావు, చెమటను పీల్చుకుని అలాగే పట్టుకుంటాయి. మధ్యలో టీకి బయటికొచ్చినప్పుడు లైనర్ లాగేసి తిరగేసి ఆరేస్తాను. ఎండాకాలం ఇట్టే ఆరిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు కదా, అప్పుడు ఆరదు, పైగా ముక్కవాసన. కంప్రెసర్ రూములో తీగ మీద వేసుకోనిమ్మని ఆపరేటర్ అన్నను బతిమాలాను. తిడుతూనే ఒప్పుకున్నాడు. కాబట్టి లైనర్ కుట్టేసి ఉన్న మిట్టెన్ ఎంత ఖరీదైనదైనా మన కోస్తాలో కొనొద్దు. లైనర్ ఊడాలి, వీలైతే ఇంకో జత లైనర్ విడిగా దొరకాలి.

ఇక ఇబ్బందులు. స్కానర్ మీట నొక్కలేం, టేపు చింపలేం, పెన్ను పట్టలేం. పెన్ను సంగతి ఎలాగూ చెప్పక్కర్లేదు, ఆ చలికి సిరా రాదు, పెన్సిలే గతి. వేళ్ల దగ్గర మూత తెరుచుకునే రకం మిట్టెన్లు కూడా ఉన్నాయి. మా స్టోర్ కుర్రాడి దగ్గర ఒక జత చూశాను. మూతను పట్టి ఉంచే వెల్క్రోలో మంచుపొడి ఇరుక్కుని అంటుకోవడం మానేసింది, అతను మూత వేలాడేసుకునే తిరుగుతున్నాడు. నేనైతే మిట్టెన్ లాగేసి, లోపలి ఉన్ని గ్లౌజుతోనే పని కానిచ్చి మళ్లీ దూర్చేస్తాను.

ప్యాలెట్ ట్రాలీ పిడి దగ్గర ఇంకో సంగతి తెలిసింది. ఎంత మంచి మిట్టెన్ అయినా ఇనుమును గట్టిగా పట్టుకుంటే అరచేతి దగ్గర దూది నలిగిపోయి చలి దిగుతుంది. పిడికి ఫోమ్ చుట్టించాక ఆ బాధ తగ్గింది. కొనేటప్పుడు లేబుల్ మీద ఈఎన్ 511 అనే యూరప్ గుర్తు ఉందేమో చూడండి. దాని కింద మూడు అంకెలుంటాయి. మొదటిది చలిగాలికి, రెండోది చల్లటి వస్తువును తాకినప్పుడు, ఈ రెండూ 0 నుంచి 4 దాకా. మూడోది నీళ్లకు, 1 అంటే ఆగుతుంది, 0 అంటే ఆగదు. ట్రాలీ లాగేవాళ్లకు రెండో అంకె ముఖ్యం. సైజు మాత్రం ఒకటి పెద్దదే తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడదు, దూది కూడా అణిగిపోతుంది.

రొయ్యల గుంట దగ్గర పట్టుబడికి ఈ మిట్టెన్లు పనికిరావు. తెలిసినవాళ్ల వనామి రకం రొయ్యల పట్టుబడికి విడవలూరు వైపు వెళ్లినప్పుడు తీసుకెళ్లాను. అక్కడ రొయ్యకు సమానంగా ఐస్ వేసి క్రేట్లు నింపుతారు, చేతులు ఐస్ నీళ్లలోనే ఉంటాయి. పొడవాటి అంచులోంచి నీళ్లు లోపలికి దిగాయి, తోలు తడిసింది. మర్నాడు కోల్డ్ స్టోరేజీలోకి వెళ్లేసరికి ఆ తోలు అప్పడంలా గట్టిపడింది. ఆ పనికి మోచేతి దాకా వచ్చే పీవీసీ గ్లౌజులు, లోపల ఉన్నివి వేసుకుంటే చాలు. గ్రేడింగ్ బల్లల దగ్గర షిఫ్టంతా ఐస్‌లో చేతులు పెట్టి తలలు తీసే ఆడవాళ్లకు పల్చటి గ్లౌజులు ఇచ్చి సరిపెట్టడం చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. వెచ్చటి లోపలి జత ఇస్తే ఏం కరిగిపోతుంది?

ఒక జాగ్రత్త. మిట్టెన్ ఉంది కదా అని మొండికేయొద్దు. వేలి కొస తెల్లబడి స్పర్శ తెలియకపోతే వెంటనే బయటికి రండి. రుద్దకూడదు, హీటర్‌కో మంటకో ఆనించకూడదు. ఒంటి వేడికి కాస్త ఎక్కువ, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. స్పర్శ రాకపోయినా, పొక్కులు లేచినా డాక్టర్ దగ్గరికే.

మధ్యలో కుడి బొటనవేలి దగ్గర కుట్టు ఊడింది. ట్రంకు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయనకు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది నాయనా, ఎలుగ్గొడ్డు చెయ్యా?" అన్నాడు. మైనపు దారంతో రెండు వరసలు వేశాడు, నలభై రూపాయలు తీసుకున్నాడు. ఎడమదాని కంపెనీ కుట్టు ఇప్పుడు వదులవుతోంది, దాన్నీ ఆయనకే ఇవ్వాలి. బావకు ఈసారి లైనర్లు మాత్రం రెండు జతలు చెప్పాను.