ఆర్ఎక్స్ 100కి పాత కార్బొరేటర్ కొంటున్నారా? బౌల్ విప్పి చూపించకపోతే డబ్బు పంపకండి

నిన్న సాయంత్రం మెకానిక్ నా యమహా ఆర్ఎక్స్ 100 బైక్ సిలిండర్ విప్పి పిస్టన్ నా చేతిలో పెట్టాడు. ఎగ్జాస్ట్ వైపు నిలువునా గీతలు. మా నాన్న 1993లో కొన్న బండి అది, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సీజ్ కాలేదు (పిస్టన్ సిలిండర్‌లో పట్టేయలేదు), నేను పార్సిల్‌లో తెప్పించిన సెకండ్ హ్యాండ్ కార్బొరేటర్ బిగించిన పది రోజులకే ఈ గతి పట్టింది. ఇంకొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపే పాత కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో అవుతోంది, స్టాండ్ వేస్తే కింద పెట్రోల్ మడుగు. మార్చేద్దాం అనుకున్నాను. పాత స్పేర్స్ అమ్మే ఒకతను ఫోటో పెట్టాడు, కొత్తదానిలా తెల్లగా ఉంది. "అన్నా, ఒరిజినల్ జపాన్ మికుని, రేపటికి ఉండదు" అన్నాడు. మికుని అంటే కార్బొరేటర్లు చేసే జపాన్ కంపెనీ. 3,200 వెంటనే పంపేశాను. లోపల ఎలా ఉందని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, నా తప్పు అక్కడే.

బిగించాక బండి స్టార్ట్ అయింది, కానీ ఐడిలింగ్ నిలబడదు, ఒకసారి పెరుగుతుంది, ఒకసారి ఆగిపోతుంది. అరవై దాటితే లాగడం లేదు. స్పార్క్ ప్లగ్ తీస్తే సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. ఆ రంగు చూసిన రోజే బండి ఆపేయాల్సింది. పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైతే టూ స్ట్రోక్ ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది, ఆయిల్ పంప్ సరిగ్గా పనిచేస్తున్నా సరే పిస్టన్ ఉబ్బి సిలిండర్ లోపలి గోడని పట్టేస్తుంది. నా బండికి అదే అయింది.

తర్వాత ఆ కార్బొరేటర్‌ని విప్పి చూస్తే ఒక్కొక్కటే బయటపడింది. మెయిన్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) వేరే బండిది, దాని మీది నంబరు నా పాత జెట్ నంబరు కంటే చిన్నది, అంటే పెట్రోల్ తక్కువ వస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే స్లైడ్ బాగా అరిగిపోయి వేలితో కదిపితే లొటలొటలాడుతోంది, ఆ సందులోంచి గాలి దూరుతుంది. పైన మెరుపు కోసం ఇసుక కొట్టించారు, ఆ పొడి ఐడిలింగ్‌కి పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ దారిలో ఇరుక్కుపోయింది. బౌల్ (అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) స్క్రూ మరలు పోతే ఎంసీల్ నింపి రంగు వేశారు.

"జపాన్" అన్న మాట విని పడిపోకండి. చెన్నైలోని యూకాల్ కంపెనీ మికునితో కలిసి మన దేశంలోనే చేసినవి కూడా ఒరిజినలే. పైగా బాడీ మీద మికుని అని ఉన్నంత మాత్రాన అది మీ బండిదని కాదు, ఆ కంపెనీ చాలా బండ్లకు చేసింది. అసలు మికుని జెట్ మీద నంబరుతో పాటు చదరంలో చదరం గుర్తు సన్నగా, స్పష్టంగా ఉంటుంది. నకిలీ వాటి మీద అది ఉండదు, లేదా అలుక్కుపోయినట్టు ఉంటుంది.

కాబట్టి డబ్బు పంపేముందు బౌల్ విప్పించి వీడియో అడగండి, పక్కన ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టమనండి. స్లైడ్ బయటికి తీసి నాలుగు వైపులా చూపించమనండి. గాలి మోతాదు సర్దే ఎయిర్ స్క్రూ కూడా విప్పించండి, దాని మొన విరిగి బాడీలోనే ఉండిపోతే ఇక ట్యూనింగ్ ఆశ వదులుకోవాల్సిందే. నేరుగా వెళ్లి కొంటే బౌల్‌లో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ చప్పుడైతే అది చిల్లిపడింది. బౌల్‌లో తెల్లటి పొడి పేరుకుని ఉంటే చాలాకాలం పెట్రోల్‌తోనే పక్కన పడేశారని అర్థం. ఇప్పుడు వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది కదా, అది నీటిని పీల్చుకుంటుంది, లోహం లోపల్లోపలే తినేస్తుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించిన విషయం ఇంకోటి. నా పాత కార్బొరేటర్ పాడవనే లేదు! బౌల్ నిండగానే పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ మొన దగ్గర రింగులా అరిగింది, అంతే. హైదరాబాద్ పుత్లిబౌలి వెళ్లి నీడిల్, సీటు, బౌల్ ప్యాకింగ్ తెచ్చాం, మూడు వందలు కూడా కాలేదు. శుభ్రం చేసేటప్పుడు ఇనప తీగ మాత్రం జెట్‌లో పెట్టకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్ కొట్టి గాలి కొడితే చాలు. ఎయిర్ స్క్రూ విప్పేముందు పూర్తిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, గట్టిగా బిగించకండి. రబ్బరు భాగాలన్నీ ముందే తీసేయండి, క్లీనర్ తగిలితే ఉబ్బిపోతాయి.

సిలిండర్ రేపు బోరింగ్‌కి (గీతలు పోయేలా లోపల చెక్కడానికి) వెళ్తోంది. పాత కార్బొరేటర్‌కి రాత్రి సీసాతో పెట్రోల్ పెట్టి బల్ల మీద ఉంచాం, పొద్దుటికి ఒక్క చుక్క కారలేదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు, కానీ నాకు పంపిన అదే ఫోటోతో మొన్న మళ్లీ అమ్మకానికి పెట్టాడు. మీరు ఏదైనా చూసి ఉంచుకుంటే డబ్బు కట్టకముందు ఫోటోలు ఇక్కడ పెట్టండి, నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను.