ఊరి కొట్టా, సియర్స్ కేటలాగా?

1900 ప్రాంతంలో అమెరికా దక్షిణాది చిన్న ఊళ్లలో పాలికి సేద్యం చేసే రైతుకు సరుకు తెచ్చుకునే దారులు రెండు. మొదటిది ఊరి కొట్టు. పిండి, ఉప్పు పట్టిన పంది మాంసం, గుడ్డలు అక్కడ అరువుకు దొరికేవి. పత్తి అమ్మాక బాకీ తీర్చాలి. చేతిలో డబ్బు లేనివాడికి అదే దిక్కు. కానీ అరువు ధర నగదు ధర కంటే బాగా ఎక్కువ. పద్దు పుస్తకం దుకాణదారుడిది, రాబోయే పంట ముందే తాకట్టు. నల్లజాతివారైతే తెల్లవారి బేరాలు ముగిసేదాకా నిలబడాల్సి వచ్చేది. నన్ను అన్నిటికంటే బాధించేది ఆ నిలబడటమే.

రెండోది సియర్స్ కేటలాగ్, అంటే టపాలో ఆర్డరు తీసుకుని సరుకు పంపే సియర్స్ కంపెనీ ధరల పుస్తకం. అందులో ధర అచ్చులో ఉండేది, అందరికీ ఒకటే. కొనేవారి ఒంటి రంగు ఆర్డరు కాగితం మీద కనిపించదు. 1896లో పల్లెలకు ఉచిత టపా బట్వాడా మొదలయ్యాక ఉత్తరమూ డబ్బూ దుకాణదారుడి కంట పడకుండా టపా మనిషి చేతికే ఇవ్వవచ్చు. చాలా ఊళ్లలో పోస్టాఫీసు కొట్టులోనే ఉండేది కనుక ఇది చిన్న వెసులుబాటు కాదు. 1913లో పార్సిల్ పోస్టూ వచ్చింది.

అయితే 1900 ప్రాంతంలో కేటలాగ్ అరువిచ్చేది కాదు. చలికాలంలో పొయ్యి చుట్టూ చేరి చెప్పుకునే కబుర్లూ అందులో దొరకవు. అయినా చేతిలో నాలుగు డాలర్లుంటే నేను కేటలాగ్‌నే తెరుస్తాను.