ఆరు పేజీల రిపోర్టులో నాకు పనికొచ్చింది ఒక్క వరుస

కర్నూలు గాయత్రి ఎస్టేట్‌లోని ఒక డయాగ్నొస్టిక్ సెంటరు గురించి ఇది. పేరు రాయను. అక్కడ రక్తం తీసే అమ్మాయి చేతి నేర్పు చూశాక, యజమాని చేసిన పనికి ఆమెను కూడా కలిపి తిట్టినట్టవుతుందని ఆగాను. నాకు 14 ఏళ్లుగా షుగరు. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఏ రిపోర్టు చేతికొచ్చినా జవాబు పత్రం దిద్దినట్టే దిద్దుతాను.

కిడ్నీ వడపోత ఎలా ఉందో తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీను), క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) నిష్పత్తి చూపించుకోమని డాక్టరు చీటీ రాశారు. కౌంటరులోని ఆవిడ డబ్బా చేతిలో పెట్టి ఊరుకోలేదు. "రేపు పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం తెండి మేడం. జ్వరం గానీ, మూత్రంలో మంట గానీ ఉంటే ఇప్పుడు వద్దు, తగ్గాక రండి" అంది. ఈ మాట నాకు ఇంతకుముందు ఏ ల్యాబులోనూ ఎవరూ చెప్పలేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ముందురోజు ఒళ్లు అలిసేలా వ్యాయామం చేసినా ఆల్బుమిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆవిడకు జీతం పెంచాలి.

అసలు గొడవ మా అబ్బాయి వల్ల వచ్చింది. హైదరాబాదులో కూర్చుని ఫోనులోనే ఈ సెంటరువాళ్ల ప్యాకేజీ ఒకదానికి 7,200 రూపాయలు కట్టేసి, "అమ్మా, కిడ్నీ పాడవకముందే పసిగట్టే కొత్త పరీక్షట, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు" అన్నాడు. ప్యాకేజీ పేరులో "మైక్రో ఆర్ఎన్ఏ" అని చూసి నాకూ ఆశ పుట్టిన మాట నిజం. డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీను అని ఏళ్ల తరబడి బోర్డు మీద బాణాలు గీసినదాన్ని. ఆ బాణానికి అడ్డుపడే చిట్టి ఆర్ఎన్ఏ ఒకటి ఉందని విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ 1993లోనే మిల్లీమీటరు పొడవుండే గుండ్రటి పురుగులో చూశారు. 2024లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నేను మాత్రం తరగతిలో ఒక్కసారి కూడా దాని ఊసెత్తకుండానే రిటైరైపోయాను.

ఆ చిట్టిదే మైక్రో ఆర్ఎన్ఏ, సుమారు 22 రసాయన అక్షరాల ముక్క. ప్రోటీను తయారీకి ఆదేశం మోసుకెళ్లే ఆర్ఎన్ఏ మీద కూర్చుని పని సాగనివ్వదు. మన కేసీ కాలువ తూము అనుకోండి: కాలువలో నీళ్లున్నా తూము దించితే పొలానికి చేరవు. షుగరు ఎక్కువ కాలం అదుపు తప్పితే మూత్రపిండంలో టీజీఎఫ్-బీటా అనే సంకేతం పెరుగుతుంది. దానితో కొన్ని తూములు దిగిపోతాయి, కొన్ని లేస్తాయి. మైక్రో ఆర్ఎన్ఏ-29 మామూలుగా కొల్లాజెన్ అనే నార ప్రోటీనును అణచి ఉంచుతుంది. అది తగ్గితే కొల్లాజెన్ పేరుకుని వడపోత భాగం గట్టిపడుతుంది. మైక్రో ఆర్ఎన్ఏ-21 ఏమో పెరిగి, కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పీటెన్ అనే ప్రోటీనును తగ్గిస్తుంది. ఇంతవరకు శాస్త్రం గట్టిదే, నాకు పేచీ లేదు.

రక్తం తీయడానికి వచ్చిన కుర్రవాడు మాత్రం ఆ నేర్పరి అమ్మాయి కాదు. రెండుసార్లు గుచ్చాడు. ఏప్రిల్ ఎండలో, మంచు పెట్టె లేకుండా, ట్యూబును భుజాన సంచిలో వేసుకుని ఇంకో రెండిళ్లు తిరగాలన్నాడు. ఎర్ర రక్తకణాలు చిట్లితే వాటిలోని మైక్రో ఆర్ఎన్ఏలు బయటికొచ్చి సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) కలిసి లెక్కలు తారుమారవుతాయి. ఆ సంగతి చెబితే "ఏమీ కాదు మేడం" అని నవ్వాడు.

పన్నెండు రోజులకు ఆరు పేజీల రంగుల రిపోర్టు వచ్చింది. మైక్రో ఆర్ఎన్ఏ-21 దగ్గర ఎర్ర బాణం పైకి, 29 దగ్గర కిందికి, 192 దగ్గర పైకి. అడుగున "ప్రమాదం: మధ్యస్థం". సాధారణ పరిమితి అని ఉన్న గడిలో చిన్న గీత, అంతే! దేనితో పోల్చి ఎక్కువన్నారు? నా విద్యార్థి ఎవరైనా ప్రమాణం లేకుండా ఇలా రాసి ఉంటే సున్నా వేసేదాన్ని. పైగా ఆ 192 సంగతి పరిశోధకులకే ఇంకా తేలలేదు. షుగరున్న ఎలుకల మూత్రపిండాల్లో పెరిగిందని ఒక పరిశోధన చెబితే, జబ్బు ముదిరిన మనుషుల బయాప్సీల్లో (పరీక్షకు తీసిన మూత్రపిండం ముక్కల్లో) తగ్గిందని మరొకటి చెప్పింది. 21 అయితే గుండె కండరం గట్టిపడ్డప్పుడూ, రకరకాల క్యాన్సర్లలోనూ పెరుగుతుంది. అది కిడ్నీ గురించే చెబుతోందని ఆ బాణానికెలా తెలిసింది?

డాక్టరు ఆ ఆరు పేజీలూ తిప్పి పక్కన పెట్టి, మూత్రం రిపోర్టులో ఒకే వరుస చూశారు: గ్రాము క్రియాటినిన్‌కు 46 మిల్లీగ్రాముల ఆల్బుమిన్. 30 లోపు ఉండాలి, 300 దాటితే బాగా ముదిరినట్టు. ఒక్కసారి చూసి నిర్ణయించరు కాబట్టి జూలైలో మళ్లీ చేయించాను, 41 వచ్చింది. బీపీ మాత్ర మోతాదు పెంచి, మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే మాత్ర ఒకటి కలిపారు. ఈ నిర్ణయానికి కారణమైన పరీక్ష ఖరీదు 450 రూపాయలు.

డబ్బు వెనక్కి ఇమ్మని మేనేజరును అడిగాను. "రిపోర్టు ఇచ్చేశాం కదా మేడం" అని, వచ్చేసారి అదే ప్యాకేజీకి ఇరవై శాతం తగ్గింపు కూపను చేతిలో పెట్టాడు. మా అబ్బాయికి కూపను ఫోటో పంపాను, ఇంతవరకు జవాబు లేదు.

మూత్రం పరీక్షకు అయిదు నక్షత్రాలు, ఇంటికొచ్చి రక్తం తీసే సేవకు ఒకటి, ఆ ప్యాకేజీకి సున్నా. వెళ్లేవాళ్లు ఏడు గంటలకే వెళ్లండి. ఎనిమిది దాటితే పరగడుపున వచ్చినవాళ్లంతా మెట్ల మీద కూర్చుని ఉంటారు, బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు. కౌంటరులో ఆవిడ ఉందో లేదో చూసుకుని మరీ డబ్బా అడగండి. నాకు మళ్లీ అక్టోబరులో పని పడుతుంది.