పోస్టాఫీసు ఆర్డీ: ఏడేళ్లు కట్టిన టైలరు మాట

మాది తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, లంగా ఓణీలు, చీరలకు ఫాల్స్, అంతే. 2019 జనవరి 21న పోస్టాఫీసులో నెలకు వెయ్యి రూపాయల ఆర్డీ, అంటే అయిదేళ్ల పాటు నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, మొదలుపెట్టాను. అయిదేళ్లకు అది పూర్తయింది. ఇప్పుడు నెలకు మూడు వేలతో రెండోది నడుస్తోంది. నాలాగా నెల జీతం లేనివాళ్లకు ఇది కుదురుతుందా లేదా అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

అంతకుముందు నాకు తెలిసింది చీటీలే. మా బజారులో ఒకావిడ దగ్గర లక్ష రూపాయల చీటీ వేశాను. నేను పాడుకోకముందే ఆవిడ ఇంటికి తాళం వేసి వెళ్లిపోయింది. 38 వేలు పోయాయి. ఆ తర్వాత రెండేళ్ల పాటు దాచాలంటేనే భయం. పోస్టాఫీసుకు వెళ్లింది కూడా వడ్డీ చూసి కాదు, ఆ తలుపుకు ఎవరూ రాత్రికి రాత్రి తాళం వేసి పోరని.

నెలకు వంద రూపాయలతో కూడా తెరవచ్చు. నేను రెండు వేలు రాయబోయాను. నా పనేమిటో కనుక్కుని కౌంటరులో ఆయన, "ఆషాఢంలో కూడా కట్టగలిగినంతే రాయమ్మా" అన్నారు. వాళ్ల ఇంట్లో కూడా ఎవరో కుడతారనుకుంటా. వెయ్యి రాశాను. మా పనికి ఆషాఢం, మూఢం వస్తే మిషన్ మీద గుడ్డ కప్పి కూర్చోవడమే. శ్రావణం వచ్చిందంటే అందరికీ శుక్రవారం పొద్దుటికే జాకెట్టు కావాలి, మాకు నిద్ర ఉండదు. రెండు వేలు రాసి ఉంటే మొదటి ఆషాఢంలోనే ఆగిపోయేదాన్ని.

నేను కట్టే పద్ధతి చెబుతాను, నవ్వకండి. బాబిన్లు పెట్టుకునే బిస్కెట్ల డబ్బా పక్కన ఇంకో ఖాళీ డబ్బా పెట్టాను. ఒక జాకెట్టుకు హుక్కులు కుట్టి, ఇస్త్రీ చేసి హ్యాంగరుకు తగిలించగానే అందులో ఒక ఇరవై నోటు వేస్తాను. డబ్బులు ఇంకా చేతికి రాకపోయినా సరే, గల్లాలోంచి తీసి వేస్తాను. యాభై జాకెట్లు తగిలిస్తే వెయ్యి. ఒక ఆషాఢంలో ఇరవై రెండే తగిలాయి, మిగతాది పాల డబ్బుల్లోంచి తీసి కట్టాను. పాలాయన వారం రోజులు నా వంక అదోలా చూశాడు.

ఆ మరుసటి సంవత్సరం నుంచి తెలివొచ్చింది. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లప్పుడే ఆరు నెలలది ఒకేసారి కట్టేస్తున్నాను. అలా ముందే కడితే ఒక నెల వాయిదాలో ప్రతి నూటికి పది రూపాయల చొప్పున మొత్తం మీద తగ్గిస్తారు, నా వెయ్యికి వంద. ఆరు వేలకు బదులు 5,900 కట్టాను. పన్నెండు నెలలది కడితే నూటికి నలభై. ఈ సంగతి ఎవరూ పిలిచి చెప్పరు, మనమే అడగాలి.

మొదట్లో ఇంటికొచ్చే ఏజెంటు అక్క చేతికి ఇచ్చేదాన్ని. ఆమె తన కార్డు మీద సంతకం పెట్టేది, నాకు అది చాలనిపించేది. ఆ ఏడాది చివర్లో పాస్‌బుక్ తీసి చూస్తే రెండు నెలల ఎంట్రీ లేదు. అడిగితే, "అవసరం పడి వాడుకున్నానక్కా, కట్టేస్తా" అంది. కట్టింది, నెలకు పది రూపాయల జరిమానాతో సహా. నూటికి రూపాయి చొప్పున పడుతుంది కదా, ఆ ఇరవై కూడా ఆమే ఇచ్చింది. మళ్లీ ఆమె చేతికి ఇవ్వలేదు. ఏజెంట్లందరూ అలా ఉండరు, కానీ లెక్క పాస్‌బుక్కుదే, కార్డుది కాదు. ఇప్పుడు ఐపీపీబీ (ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్) యాప్‌లో కడుతున్నాను.

2020 ఏప్రిల్, మే రెండు నెలలూ ఎగిరిపోయాయి. నాలుగు నెలలు కట్టకపోతే ఖాతా ఆగిపోతుంది, తర్వాత రెండు నెలల్లోపు బకాయి కట్టి మళ్లీ నడిపించుకోవాలి. అంతదాకా పోలేదు. జూన్‌లో మాస్కులు కుట్టిన డబ్బుతో మూడు నెలలదీ కలిపి కట్టాను. లాక్‌డౌన్ నెలలకు జరిమానా తీసేశారు.

2021లో మా అత్తయ్యకు ఒంట్లో బాగాలేక డబ్బు కావాల్సి వచ్చింది. బయట నూటికి మూడు రూపాయల వడ్డీ అన్నారు, అంటే ఏడాదికి 36 శాతం. ఏడాది పాటు పన్నెండు వాయిదాలు కట్టినవాళ్లకు జమలో సగం దాకా ఆర్డీ మీదే అప్పు ఇస్తారు, వడ్డీ మన ఆర్డీ రేటు కన్నా 2 శాతమే ఎక్కువ. 12 వేలు తీసుకుని ఏడాదిలో తీర్చాను. చీటీ పాడుకున్నట్టు మొత్తం ఒకేసారి చేతికి రాదు గానీ, ఆ పూట గడిచింది.

నేను తెరిచినప్పుడు రేటు 7.3 శాతం. అదే అయిదేళ్లూ మారలేదు. నన్ను చూసి 2020 సెప్టెంబరులో తెరిచిన మా తోడికోడలికి 5.8 పడింది. ఇద్దరిదీ వెయ్యే. నాకు 72,505 వచ్చింది, ఆమెకు 69,697. ఆ తేడా మీద మా ఇంట్లో ఇప్పటికీ వేళాకోళాలు నడుస్తాయి.

ఇక బాగాలేనివి. మూడేళ్లు నిండితే గానీ మధ్యలో మూయనివ్వరు. గడువుకు ఒక్కరోజు ముందు మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీ, 4 శాతమే ఇస్తారు. వచ్చిన వడ్డీ ఆదాయం కిందే లెక్క, కట్టిన దానికి పన్ను మినహాయింపు కూడా లేదు. ధరలు పెరిగిన తీరు చూస్తే మిగిలింది గొప్పేమీ కాదు. వడ్డీ కోసమే చూసేవాళ్లకు ఇది నచ్చదు. నాకు మాత్రం చేతిలో ఉంటే ఖర్చయిపోయే అరవై వేలు ఖర్చు కాకుండా మిగిలాయి.

గడువు తీరిన రోజు నేనే ఒక పొరపాటు చేశాను. ఇరవై వేలు, ఆపైన అయితే నగదు ఇవ్వరు. నాకు అక్కడ సేవింగ్స్ ఖాతా లేదు. అది తెరిచి, కాగితాలు ఇచ్చి, డబ్బు చేతికొచ్చేసరికి పది రోజులు. మీరు ముందే తెరిచి పెట్టుకోండి. ఆ డబ్బుతో జూకీ మిషన్ ఒకటి, సెకండ్‌హ్యాండ్‌లో ఓవర్‌లాక్ మిషన్ ఒకటి కొన్నాను. అంతకుముందు అంచులు చేత్తో కుట్టేదాన్ని.

రెండోది 2024 ఫిబ్రవరి 9న, 6.7 శాతానికి తెరిచాను. 2029లో అమ్మాయి ఇంటర్ అయ్యేసరికి 2 లక్షల 14 వేలు వస్తాయి. తేదీ విషయంలోనే తప్పు చేశాను. 15లోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపే కట్టాలి, 16 తర్వాత తెరిస్తే నెలాఖరు దాకా టైముంటుంది. ఇప్పుడు ముందే కట్టేయని ప్రతి నెలా పదో తేదీ నుంచే టెన్షన్.

డబ్బాలో ఇప్పుడు ఇరవై కాదు, యాభై నోటు పడుతోంది. ఇవాళ 12. రాత్రి అమ్మాయి లెక్కపెడితే 2,650 ఉంది. హ్యాంగరుకు ఎక్కాల్సినవి ఇంకా ఏడు జాకెట్లు, వాటిలో మూడింటికి హుక్కులు కూడా కుట్టలేదు.