తొమ్మిదేళ్లుగా నా బూమ్ చివర: సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416

బూమ్ అంటే నటుల తల మీదుగా మైక్‌ని పట్టుకునే పొడవాటి కర్ర. దాని చివర నేను తగిలించే ఈ మైక్‌ని 2016లో చిట్టీ పాడి కొన్నాను. చేతికి వచ్చిన డబ్బులో ముప్పాతిక భాగం దీనికే పోయింది. పెట్టె తెరిచి చూపిస్తే మా అమ్మ చేతిలోకి తీసుకుని "ఇంతేనా?" అంది. నిజంగా ఇంతే. జానెడు కంటే కాస్త ఎక్కువ, 25 సెంటీమీటర్లు. బరువు 165 గ్రాములు. నల్లటి సన్నని గొట్టం, పక్కలకు చీలికలు. ఒంటి మీద ఒక్క స్విచ్ కూడా లేదు. లొకేషన్‌లో దీన్ని పూర్తి పేరుతో ఎవరూ పిలవరు, "ఫోర్ సిక్స్‌టీన్" అంటే చాలు.

సౌండ్ రికార్డిస్ట్‌గా పనిలోకి వస్తున్న పిల్లలు "అన్నా, మొదట ఏ మైక్ కొనాలి?" అని అడుగుతూ ఉంటారు. ఫోన్‌లో రెండు మాటల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. మీరు చేసే సినిమాకి డబ్బింగ్ ఉంటుందని ముందే తెలిస్తే ఈ మైక్ మీద డబ్బు పెట్టకండి. మన దగ్గర చాలా సినిమాలకు లొకేషన్‌లో తీసేది పైలట్ ట్రాకే, అంటే డబ్బింగ్‌లో ఆసరాకి తీసే కచ్చా శబ్దమే. డబ్బింగ్ థియేటర్లో ఆర్టిస్ట్ దాన్ని విని పెదవులు కలుపుతాడు, ఆ తర్వాత దాని పని అయిపోతుంది. ఇది పాత అలవాటు. ఆరిఫ్లెక్స్ 2సీ లాంటి కెమెరాలతో తీసిన రోజుల్లో కెమెరా చప్పుడే మాటల్ని మింగేసేది, డబ్బింగ్ తప్ప దారి ఉండేది కాదు. ఇప్పుడు డిజిటల్ కెమెరా వచ్చింది, ఆ చప్పుడు పోయింది. అలవాటు మాత్రం చాలా సెట్లలో అలాగే ఉంది. పైలట్ ట్రాక్‌కి మామూలు మైక్ సరిపోతుంది. అక్కడ పలికిన మాటే తెర మీద వినబడాలి అనుకునే సింక్ సౌండ్ సినిమాకి అయితే ఇక్కడి నుంచి చదవండి.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది కోనసీమలో. దిండి దగ్గర గోదావరి రేవులో తెల్లవారుజాము సీను. ధనుర్మాసం, మంచు దట్టంగా పట్టింది, ఎదురుగా ఉన్న పడవ కూడా సరిగా కనబడటం లేదు. గుడి మైకులో తిరుప్పావై వస్తోంది. మా మేనేజర్ వెళ్లి బతిమాలితే పూజారి గారు "ఈ పాశురం అయ్యాక కాసేపు ఆపుతాను బాబూ" అన్నారు, అన్న మాట నిలబెట్టుకున్నారు. దూరంగా రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. వాటిని ఆపమని అడగలేం. ఆక్సిజన్ తగ్గితే ఒక్క పూటలో రైతు పంట పోతుంది. వాటికి వీపు పెట్టి బూమ్ పట్టుకునేలా మా నిలబడే చోటు మార్చుకున్నాం.

సీనులో ఉన్నది ఆ ఊరి మామ్మే, నటి కాదు. గాలి చప్పుడు ఆపడానికి మైక్‌కి తొడిగే బొచ్చు తొడుగును చూసి "అదేంటి బాబూ, కుక్కపిల్లలా ఉంది, కరవదు గదా?" అంది. రోల్ సౌండ్ అన్నారు. ఆమె రేవు మెట్ల మీద కూర్చుని మనవడితో మాట్లాడుతోంది. చివరి మాట దగ్గర గొంతు పూర్తిగా తగ్గించేసింది, దాదాపు ఊపిరితో పలికింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ ఊపిరి, నీళ్లు మెట్టుకి తగిలే చిన్న చప్పుడు, రెండూ విడివిడిగా వినిపించాయి. నాకు ఒళ్లు జలదరించింది.

అదే సీనుకి మెట్ల పక్కన ఇంకో మైక్ దాచి పెట్టాం. అద్దెకు తెచ్చింది, వేరే కంపెనీది. రెండో టేక్ మధ్యలో దానిలో నిప్పుల్లో ఉప్పు వేసినట్టు చిటపట మొదలైంది, ఎండెక్కేదాకా ఆగలేదు. ఫోర్ సిక్స్‌టీన్ తొడుగు పిండితే నీళ్లు కారేలా ఉంది. లోపల మైక్ మాత్రం ఒక్కసారి కూడా చిటపటలాడలేదు.

దీనికి కారణం ఉంది. మామూలు కండెన్సర్ మైక్‌లో పలచని పొర మీద విద్యుదావేశం నిలబడి ఉండాలి. తేమ పడితే ఆ ఆవేశం సందుల్లోంచి కారిపోతుంది, అదే మనకు చిటపటగా వినిపిస్తుంది. ఇందులో ఆ పద్ధతి కాదు. పొర ఒక రేడియో ఫ్రీక్వెన్సీ సర్క్యూట్‌లో భాగంగా పనిచేస్తుంది. పొర కదిలితే ఆ తరంగంలో మార్పు వస్తుంది, ఆ మార్పును మళ్లీ శబ్దంగా మారుస్తారు. ఇంపెడెన్స్, అంటే కరెంటుకి ఎదురయ్యే అడ్డు, తక్కువ కాబట్టి తేమ దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. 1970లలో వచ్చిన డిజైన్ ఇది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. కోస్తాలో, వానాకాలంలో, అరకు మంచులో పనిచేసేవాళ్లకి కాగితం మీద ఉన్న మిగతా లెక్కలన్నిటికంటే ఈ ఒక్కటే ముఖ్యం అని నా నమ్మకం.

ఇక శబ్దం సంగతి. మాట దగ్గరగా, స్పష్టంగా వినిపిస్తుంది. పై ఫ్రీక్వెన్సీల్లో కాస్త ఎత్తు ఉంటుంది కాబట్టి స, శ, చ లాంటి అక్షరాలు విడిగా తెలుస్తాయి. మన భాషకి ఇంకో మేలు కూడా చూశాను. తెలుగులో మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. నటులు అలసిపోయినప్పుడు మింగేసేది ఆ చివరి అచ్చునే. "వస్తాను" అన్నప్పుడు ఆ "ను" గాలిలో కలిసిపోతుంది. బూమ్ సరిగ్గా ఉంటే ఈ మైక్ ఆ చివరి చిన్న అచ్చును కూడా పట్టుకుంటుంది.

బూమ్ సరిగ్గా ఉంటేనే. ఈ మాట రెండుసార్లు చదవండి. ఇది చూసిన వైపే వింటుంది. నటుడు మొహం తిప్పినా, మైక్ ఒక చేతి వెడల్పు పక్కకి జరిగినా గొంతు రంగు మారుతుంది, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు అవుతుంది. నాతో ఆరేళ్లుగా బూమ్ పట్టే కుర్రాడు నల్గొండ వాడు. డైలాగ్ పేపర్ తీసుకుని నటుల కంటే ముందు వాడే కంఠస్థం చేస్తాడు. మొదట్లో ఒకరి మాట చివరి అచ్చు పూర్తికాకముందే రెండో మనిషి వైపు తిప్పేసేవాడు. "అన్నా, లేటయితే వాళ్ల మొదటి అక్షరం పోతుంది కదా" అని వాడి బాధ. మాటకీ మాటకీ మధ్య నటుడు ఊపిరి తీసుకుంటాడు, ఆ ఊపిరిలో తిప్పమన్నాను. నెల రోజుల్లో పట్టేశాడు. ఇప్పుడు ఎడిటింగ్ రూమ్ నుంచి నాకు వచ్చే మెచ్చుకోళ్లలో సగం వాడివే.

ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. చిన్న గదులు. నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో బెడ్‌రూమ్ సీను చేశాం. పది బై పదకొండు గది, కింద టైల్స్, నాలుగు గోడలూ బోడి. బయట బాగా పనిచేస్తోంది కదా అని ఇదే పెట్టాను, తప్పు నాదే. మాటలు బిందెలో పలికినట్టు వచ్చాయి. ఇలాంటి పొడవాటి షాట్‌గన్ మైక్‌లు పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని గొట్టం చీలికల సాయంతో తగ్గిస్తాయి. గదిలో అదే గొంతు గోడలకి కొట్టుకుని అన్ని వైపుల నుంచీ వస్తుంది, అప్పుడు ఆ లెక్క చెడుతుంది. పైగా దీనికి వెనక వైపు కూడా కొంచెం వినికిడి ఉంటుంది. పై నుంచి కిందికి పెట్టామంటే ఆ వెనక చెవి నేరుగా సీలింగ్‌ని వింటుంది. పక్కింటి నుంచి బొంతలు, దుప్పట్లు అడిగి తెచ్చి గోడలకి వేలాడదీసి ఆ పూట గట్టెక్కాం. అప్పటి నుంచి లోపలి సీన్లకి అదే కంపెనీ ఎంకేహెచ్ 50 అద్దెకు తెస్తున్నాను. అది పొట్టిది, గదిలో సహజంగా ఉంటుంది. రెండూ కలిపి ఉంటేనే పని పూర్తవుతుంది, ఇందులో మొహమాటం లేదు.

రెండో హద్దు జనరేటర్. చాలామంది "షాట్‌గన్ పెట్టారు కదా, జనరేటర్ వినబడదు" అనుకుంటారు. వంద హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు మూడు మీటర్ల పైనే. పాతిక సెంటీమీటర్ల గొట్టం దాన్ని ఎలా ఆపుతుంది? జనరేటర్ గుర్రుమనే శబ్దం ఏ వైపు తిప్పినా కొంత వస్తూనే ఉంటుంది. మైక్ మీద లోకట్ స్విచ్, అంటే ఇలాంటి లోతైన శబ్దాల్ని తగ్గించే స్విచ్, లేదు కాబట్టి రికార్డర్‌లోనో మిక్సర్‌లోనో కట్ పెట్టుకోవాలి. దాని కంటే జనరేటర్ వ్యాన్‌ని గోడ వెనక్కి, కేబుల్ అందినంత దూరం పంపమని పొద్దున్నే అడగటం మేలు. లైట్లు వేశాక అడిగితే ఎవరూ కదల్చరు.

ఫ్రిజ్ గురించి కూడా ఇక్కడే చెబుతాను. ఇంట్లో షూటింగ్ అయితే ఫ్రిజ్ ఆపేసి, నా బండి తాళాలు అందులో పెడతాను. మా పనిలో చాలామంది చేసేదే ఇది. ప్యాకప్ అయ్యాక బండి తీయాలంటే ఫ్రిజ్ తెరవాలి, తెరిస్తే స్విచ్ వేయడం గుర్తొస్తుంది. ఆ ఇంటివాళ్ల పాలు విరగవు.

"లేపెల్ మైక్ ఉండగా బూమ్ ఎందుకు?" అని ప్రొడక్షన్ వాళ్లు అడుగుతారు. లేపెల్ అంటే బట్టలకి తగిలించే చిన్న మైక్. వైడ్ షాట్‌కి లేపెల్ తప్పదు, నేనూ వాడతాను. కానీ పట్టుచీర కట్టుకున్న ఆవిడకి పెట్టి చూడండి. జరీ రాపిడి ఒకటి, నల్లపూసలు తగిలే టిక్కుటిక్కు ఒకటి. అవి మాట మీద పడితే తర్వాత తీయడం చాలా కష్టం. తల మీద రెండు అడుగుల ఎత్తులో ఉన్న బూమ్‌కి ఆ గొడవ లేదు. కెమెరామెన్‌తో ముందే మాట్లాడుకుని ఫ్రేమ్ అంచు ఎక్కడో తెలుసుకుంటే చాలు. దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది, అందుకే ఆ అంచు దగ్గర ప్రతి అంగుళం కోసం నేను అడుగుతాను. ఫ్రేమ్‌లో బూమ్ పడిందని ఒకటి రెండుసార్లు తిట్లు తిన్నా సరే, దూరంగా ఉండి బలహీనమైన మాట ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

తొమ్మిదేళ్లలో మైక్‌కి రిపేరు రాలేదు. మార్చాల్సి వచ్చింది చుట్టూ ఉన్నవే: కేబుళ్లు మూడు, బొచ్చు తొడుగు ఒకటి, బ్లింప్ (గాలి తగలకుండా మైక్‌ని లోపల పెట్టే గూడు) లోపలి రబ్బర్లు రెండుసార్లు. నల్ల ఫోమ్ తొడుగు లోపలి సీన్లకి మాత్రమే, బయట చిన్న గాలికి కూడా సరిపోదు. బ్లింప్ ఖర్చును మైక్ ఖర్చులో కలిపి లెక్క వేసుకోండి. దీనికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే రికార్డర్ నుంచి కేబుల్‌లోనే వచ్చే కరెంటు, కావాలి, అది ఇవ్వలేని చిన్న రికార్డర్‌కి పెట్టి లాభం లేదు. రాత్రి రూమ్‌కి వచ్చాక పొడి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెడతాను. తేమకి తట్టుకుంటుంది కదా అని తడిగా మూత వేస్తే పిన్నులు పాడవుతాయి.

కొనేటప్పుడు జాగ్రత్త. దీనికి నకిలీలు చాలా ఉన్నాయి, అక్షరాలు, పెట్టె అన్నీ అచ్చు గుద్దినట్టే ఉంటాయి. సగం ధరకి వస్తోందంటే అనుమానించండి, అధికారిక డీలర్ దగ్గర బిల్లుతో తీసుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే అమ్మేవాడి ముందే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మైక్‌ని మీ వైపు పెట్టి మాట్లాడుతూ నెమ్మదిగా పక్కకి తిప్పండి. గొంతు పల్చబడుతూ దూరం జరగాలి. ఎటు తిప్పినా ఒకేలా వినిపిస్తే అది ఫోర్ సిక్స్‌టీన్ కాదు, డబ్బులు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.