ఎర్ర ముల్లు దక్షిణం చూపిన కిట్

ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలి కోసం దసరా సెలవులకు ముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన అయస్కాంత ప్రయోగాల కిట్‌ను ఇద్దరం కలిసి రెండు వారాలు వాడి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. ధర 749 రూపాయలు. ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం బోధించినవాణ్ణి కనుక నా తూకం కాస్త కఠినంగా ఉంటే ఉండవచ్చు. తయారుచేసినవారి పేరు చెప్పదలచుకోలేదు. ఇలాంటి కిట్ ఏది కొన్నా ఏమేమి సరిచూసుకోవాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని నా ఉద్దేశం.

పెట్టెలో రెండు దండాయస్కాంతాలు, ఒక గుర్రపునాడా అయస్కాంతం, నాలుగు నియోడిమియం బిళ్లలు (చిన్నవైనా చాలా బలమైన అయస్కాంతాలు), దిక్సూచి, ఇనుప రజను పోసి మూత అతికించిన గాజులాంటి డబ్బా, రాగి తీగ చుట్ట, నాలుగంగుళాల మేకు, రెండు పెన్సిల్ సెల్లు పట్టే హోల్డరు, నొక్కినంతసేపే పనిచేసే స్విచ్చి, కొన్ని జెమ్ క్లిప్పులు, సన్నని తీగ చుట్టిన ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉన్నాయి. వివరాల పుస్తకం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది, తెలుగులో లేదు.

మొదటి తప్పును పట్టుకున్నది నేను కాదు. "తాతయ్యా, మన వాకిలి తూర్పు కదా, మరి ఎర్ర ముల్లు వంటింటి గోడ వైపు చూపిస్తోందేమిటి?" అని మనవరాలు అడిగింది. మా ఇంట్లో ఆ గోడ దక్షిణం. ఎర్ర కొన చూపవలసినది ఉత్తరం. చుట్టుపక్కల ఇనుప వస్తువేదైనా ఉందేమోనని దిక్సూచిని డాబా మీదికి తీసుకెళ్లి చూసినా అదే తీరు. తిరిగి వచ్చి పెట్టెలోని అమరికను గమనిస్తే సంగతి అర్థమైంది: దిక్సూచి గూటికీ నియోడిమియం బిళ్లల గూటికీ మధ్య ఉన్నది పలుచని అట్ట ఒక్కటే. దిక్సూచి ముల్లు కూడా ఒక చిన్న అయస్కాంతమే. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు (క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) కాగా, నియోడిమియం బిళ్లకు ఆనుకుని ఉన్న చోట క్షేత్రం అంతకు కొన్ని వేల రెట్లు ఉంటుంది. అంతటి క్షేత్రంలో గోదాములోనూ లారీలోనూ రోజుల తరబడి కదలకుండా పడి ఉన్న ముల్లులో ధృవాలు తారుమారు కావడంలో వింత లేదు.

దీన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. దిక్సూచిని ఒరిగించి, ముల్లు గాజుకు ఆని తిరగకుండా ఉన్నప్పుడు, దండాయస్కాంతపు దక్షిణ ధృవాన్ని ముల్లు తెల్ల కొన నుంచి ఎర్ర కొన దాకా గాజు మీదుగా జరిపి, అక్కడి నుంచి ఒక్కసారిగా దూరంగా తీసేయాలి. రుద్దే ధృవం చివరగా ఏ కొనను వదులుతుందో ఆ కొన దానికి విజాతి ధృవం అవుతుంది కనుక ఎర్ర కొన మళ్లీ ఉత్తరాన్ని వెతుకుతుంది. మాకు మూడో ప్రయత్నంలో కుదిరింది. నిజం చెప్పాలంటే పుస్తకంలోని పన్నెండు ప్రయోగాలలో ఏదీ ఆ పిల్లకు ఇంత నేర్పలేదు. అయినా అది కిట్ గొప్పతనం ఖాతాలో వేయదగినది కాదు.

రెండో తప్పు పుస్తకంలోనిది, నా దృష్టిలో ఇదే పెద్దది. విద్యుత్తుకూ అయస్కాంతత్వానికీ సంబంధం ఉందని 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ చూపిన ప్రయోగాన్ని ఇచ్చారు గానీ, బొమ్మలో తీగను దిక్సూచి ముల్లుకు అడ్డంగా, అంటే తూర్పు పడమరలుగా గీశారు. తీగలో విద్యుత్తు ప్రవహించినప్పుడు దాని చుట్టూ వలయాకారంలో ఏర్పడే క్షేత్రం, తీగకు సరిగ్గా కింద, తీగకు లంబంగా ఉంటుంది. తీగ అడ్డంగా ఉంటే ఆ క్షేత్రం ముల్లు ఉన్న దిశలోనే పడుతుంది, కాబట్టి ముల్లు పక్కకు జరగవలసిన పనే లేదు. పిల్ల నాలుగుసార్లు స్విచ్చి నొక్కి, సెల్లు అయిపోయాయేమోనని వాటిని మార్చి, చివరికి విసుగెత్తి కూర్చుంది. తీగను ముల్లు మీదుగా ఉత్తర దక్షిణాలుగా పరచి నొక్కగానే ముల్లు గిర్రున పక్కకు తిరిగింది. సెల్లను తిరగేసి పెడితే అవతలి పక్కకు తిరిగింది. బొమ్మలో ఒక్క గీత మారిస్తే సరిపోయే తప్పు.

మేకు చుట్టూ తీగ చుట్టి, అందులో విద్యుత్తు పంపి చేసే విద్యుదయస్కాంతం దగ్గర మరో రెండు లోపాలు బయటపడ్డాయి. రాగి తీగ మెరుస్తూ కనిపిస్తుంది గానీ దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది. రెండు కొసల్లో ఆ పూతను గీకితే తప్ప విద్యుత్తు పారదు. ఆ ముక్క పుస్తకంలో లేదు, ఉప్పుకాగితమైనా ఇవ్వలేదు. అసలు ఈ పూతకు ఒక చరిత్ర ఉంది. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ అనే శాస్త్రవేత్త తొలి విద్యుదయస్కాంతం చేసినప్పుడు ఆయన వద్ద పూత ఉన్న తీగ లేదు, అందుకని ఇనుముకే వార్నీషు పూసి, ఉత్త తీగను ఒక చుట్టు మరొక చుట్టుకు తగలకుండా ఎడంగా చుట్టాడు. తరువాత అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే శాస్త్రవేత్త తీగకే విద్యుత్తు పారనివ్వని బంధకం తొడిగి పొరలు పొరలుగా చుట్టడంతో దాని బలం ఎన్నో రెట్లు పెరిగింది. మేమూ తీగ మొత్తం పొడవు మార్చకుండా చుట్లు మాత్రమే పెంచి చూశాం: 20 చుట్లకు 4 క్లిప్పులు, 40కి 8, 80కి 13 లేచాయి. చివరి లెక్క 16కు చేరక 13 దగ్గరే ఆగడానికి అప్పటికే నీరసించిన సెల్లు కారణమై ఉండవచ్చు.

రెండో లోపం మేకుది. స్విచ్చి వదిలాక కూడా మూడు క్లిప్పులు వేలాడుతూనే ఉన్నాయి, అంటే ఇచ్చినది గట్టి ఉక్కు మేకు. మృదు ఇనుము అయితే విద్యుత్తు ఆగగానే తన అయస్కాంతత్వాన్ని దాదాపు పూర్తిగా వదులుకుంటుంది, అందుకే కాలింగ్ బెల్లులోనూ, విద్యుత్తుతో పనిచేసే స్విచ్చి అయిన రిలేలోనూ దాన్ని వాడతారు. మేకును పటకారతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచకుండా తనంతట తానే చల్లారనిచ్చాక ఒక్క క్లిప్పు మాత్రమే మిగిలింది. ఈ పని పెద్దవాళ్లే చేయాలి.

ఇన్ని వంకలు పెట్టాక న్యాయంగా చెప్పవలసినవీ ఉన్నాయి. రజను డబ్బా చాలా బాగుంది. చేతికి మురికి అంటదు, దండాయస్కాంతం మీద పెట్టి వేలితో రెండుసార్లు తడితే బలరేఖల తీరు స్పష్టంగా తేలుతుంది. స్విచ్చి నొక్కినంతసేపే పనిచేసేలా పెట్టడం వల్ల తీగ అతిగా వేడెక్కే ప్రమాదం తగ్గింది. అన్నిటికన్నా మేలైనది ఆ గొట్టం. దాని తీగచుట్టకు రెండు చిన్న ఎల్‌ఈడీలను ఒకదానికొకటి ఎదురు దిశలో కలిపారు. లోపల నియోడిమియం బిళ్లలు వేసి ఊపితే, అయస్కాంతం చుట్టలోకి వస్తున్నప్పుడు ఒకటి, బయటికి పోతున్నప్పుడు మరొకటి వెలుగుతుంది. 1831లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణను (అయస్కాంతం కదలికతో తీగచుట్టలో విద్యుత్తు పుట్టడాన్ని), అందులో ప్రవాహ దిశ మారడాన్ని సెల్లు లేకుండా ఇంత తేలికగా చూపే వస్తువు నా ఉద్యోగకాలంలో మా ప్రయోగశాలలో లేదు.

పసిపిల్లలున్న ఇళ్లవారు మాత్రం ఇది కొనకపోవడం మంచిది. నియోడిమియం బిళ్లలు రెండు కడుపులోకి పోతే పేగు గోడలను మధ్యలో నొక్కి పట్టి ఒకదానినొకటి అంటుకుంటాయి, పేగుకు చిల్లు పడవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ హెచ్చరికను పెట్టె అడుగున చీమ తలకాయంత అక్షరాలలో అచ్చువేశారు.

దిక్సూచి సంగతి అమ్మకందారుకు రాస్తే ఆరు రోజుల్లో కొత్తది పంపారు. అయస్కాంతాలేవీ తోడు లేకుండా ఒంటరిగా కవరులో వచ్చిన ఆ దిక్సూచి, విప్పగానే ఉత్తరం చూపింది.