రేడియో పోయిందా, కరెంటు పోయిందా? మోడల్ విమానాల రేడియో సెట్లపై దీర్ఘకాల సమీక్ష

బెంగళూరు శివార్లలో మోడల్ విమానాలు ఎగరేసేవారిలో ఎవరి విమానం కూలినా ముందుగా వినబడే మాట "రేడియో పోయిందండీ" అన్నదే. ఒకప్పుడు ఆ మాటలో నిజం ఉండేది. 72 మెగాహెర్ట్జ్, 35 మెగాహెర్ట్జ్ సెట్ల కాలంలో ఇద్దరు ఒకే ఛానల్ క్రిస్టల్‌తో (ఛానల్‌ను నిర్ణయించే చిన్న ముక్క) సెట్ ఆన్ చేస్తే గాలిలో ఉన్న విమానం చేజారిపోయేది. అందుకే మైదానంలో ఒక చెక్క బోర్డు పెట్టి, తన ఛానల్ నంబరు క్లిప్పు చేతిలో ఉన్నవాడే సెట్ ఆన్ చేయాలన్న నియమం పాటించేవారు. విమానంలో ఒక లోహపు కడ్డీ మరొక లోహపు ముక్కకు రాసుకున్నా సర్వోలు, అంటే రెక్కల్లో, తోకలో కదిలే పలకలను తిప్పే చిన్న మోటార్లు, ఉలిక్కిపడేవి. ఆ సెట్ల చివరి రోజుల నుంచి నేటి ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ అనే రేడియో పద్ధతి దాకా వాడుతూ వచ్చిన నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ఇప్పటి సెట్లలో చేతిలోని ట్రాన్స్‌మిటర్‌కు, విమానంలోని రిసీవర్‌కు మధ్య గాలిలో నడిచే లింక్ చాలా అరుదుగా చెడుతుంది. చెడేదల్లా విమానంలోని కరెంటు, యాంటెన్నా తీగ, మెనూలోని సెట్టింగు.

2005-06 ప్రాంతంలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు బజారులోకి వచ్చాక క్రిస్టల్ గొడవ తీరిపోయింది. రిసీవర్‌ను ఒకసారి బైండ్ చేస్తే, అంటే ట్రాన్స్‌మిటర్‌తో జత కలిపితే, అది తన ట్రాన్స్‌మిటర్ మాట తప్ప మరొకరి మాట వినదు. స్పెక్ట్రమ్ కంపెనీ వారి డీఎస్‌ఎం2 పద్ధతి ఆన్ చేసినప్పుడు ఖాళీగా ఉన్న రెండు ఛానళ్లు ఎంచుకొని వాటి మీదే ఉండిపోయేది. ఫుటాబా కంపెనీ వారి ఫాస్ట్, ఆ తర్వాత వచ్చిన స్పెక్ట్రమ్ వారి డీఎస్‌ఎంఎక్స్ నిరంతరం ఛానళ్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఒకచోట వైఫై గోల ఉన్నా మరొకచోట సందేశం అందుతుంది. సెమ్‌టెక్ చిప్పుల మీద లోరా అనే దూరసంకేత పద్ధతిలో నడిచే ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ ఇంకా బలహీనమైన సంకేతాన్ని కూడా పట్టుకుంటుంది. దీనిలో సెకనుకు 500 ప్యాకెట్ల (చిన్న సందేశాల) వేగం పెడితే రిసీవర్ గ్రహణశక్తి మైనస్ 105 డీబీఎం, 50 ప్యాకెట్లు పెడితే మైనస్ 115; అంకె ఎంత కిందికి పోతే అంత బలహీనమైన సంకేతం కూడా అందుతుందని అర్థం. ఆ 10 డెసిబెళ్ల తేడా అంటే ట్రాన్స్‌మిటర్ శక్తిని పదింతలు చేసినంత లాభం. రేసింగ్ డ్రోన్‌కు వేగం కావాలి గానీ రెక్కల విమానానికి 150 ధారాళంగా చాలు. నేను అంతకు మించి పెట్టను.

అయితే ఎక్కువ దూరం అందడమూ, నమ్మదగిన లింకూ ఒకటే అనుకోకూడదు. మీటరున్నర రెక్కల విమానం నాలుగైదు వందల మీటర్లు దాటితే అది మనవైపు వస్తోందో పోతోందో కంటికి తెలియదు. కిలోమీటర్ల కొద్దీ అందే సెట్ గొప్పది అనే ప్రకటన కంటితో చూసి ఎగరేసేవాడికి పెద్దగా పనికిరాదు. అతనికి కావలసింది, విమానం ఏ భంగిమలో ఉన్నా, రిసీవర్‌కు ట్రాన్స్‌మిటర్‌కు మధ్య ఇంజిను గానీ బ్యాటరీ గానీ అడ్డు వచ్చినా, చిన్న దూరంలో లింక్ తెగకపోవడం.

ఇక్కడ ఇటీవలి సెట్లు చేసిన మేలు టెలిమెట్రీ, అంటే విమానంలోని కొలతలు తిరిగి ట్రాన్స్‌మిటర్‌కు అందడం. ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ట్రాన్స్‌మిటర్లు లింక్ నాణ్యతను, రిసీవర్ వోల్టేజీని మెమరీ కార్డులో రాసిపెడతాయి. మా తెలుగు మిత్రబృందంలో ఒక పెద్దాయన ఇంధనంతో నడిచే గ్లో ఇంజిన్ తీసేసి ఎలక్ట్రిక్ మోటారు బిగించిన బాల్సా (తేలికపాటి చెక్క) విమానం మలుపులో ముక్కు వాల్చి నేలకు తగిలినప్పుడు ఆయన కూడా రేడియోనే తిట్టారు. కార్డు తీసి చూస్తే చివరి దాకా లింక్ నాణ్యత నూటికి నూరు; వోల్టేజీ మాత్రం ప్రతి గట్టి మలుపులోనూ 5 నుంచి 4 వోల్టుల దగ్గరకు దిగి లేస్తోంది. ఆ రికార్డు సెకనులో కొన్నిసార్లే నమోదవుతుంది కనుక అసలు పతనం అంతకంటే లోతుగా ఉండి ఉంటుంది. "అయితే నా బ్యాటరీ పాతదా బాబూ?" అని అడిగారు. బ్యాటరీ బాగానే ఉంది. మోటారు కంట్రోలర్‌లో కలిసి వచ్చే బీఈసీ (రిసీవర్‌కు, సర్వోలకు కరెంటు ఇచ్చే చిన్న సర్క్యూట్) ఏమో చిన్న అనలాగ్ సర్వోలకు లెక్కగట్టినది, ఆయన బిగించినవి నాలుగు లోహపు గేర్ల డిజిటల్ సర్వోలు.

అదే నేను పదే పదే చూసిన కారణం. డిజిటల్ సర్వో ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒక్కొక్కటీ ఆంపియర్ దాటి లాగగలదు. నాలుగూ ఒకేసారి కదిలిన క్షణంలో బీఈసీ కుంగితే రిసీవర్‌లోని చిన్న ప్రాసెసర్ ఆగి, మళ్లీ మొదలవుతుంది. పాత 72 మెగాహెర్ట్జ్ మామూలు ఎఫ్‌ఎం రిసీవర్‌కు ఇలా ప్రాసెసర్ మళ్లీ మొదలయ్యే బెడదే ఉండేది కాదు. వోల్టేజీ పడిపోయినా లేవగానే పని సాగించేది. తొలి తరం 2.4 రిసీవర్లు కొన్ని తిరిగి లింక్ కలుపుకోవడానికి సెకన్లు తీసుకునేవి, తక్కువ ఎత్తులో ఉన్న విమానానికి అది చాలా ఎక్కువ. ఇప్పటివి వెంటనే కలుస్తాయి. అయినా వేరే స్విచింగ్ బీఈసీ పెట్టి, సర్వోలు తట్టుకోగలిగితే 6 వోల్టులు ఇచ్చాక మా బృందంలో ఆ రకం ఫిర్యాదు మళ్లీ వినలేదు.

యాంటెన్నా విషయం చిన్నదే గానీ నష్టం పెద్దది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. అందుకే రిసీవర్ తీగ చివర కవచం లేని భాగం సుమారు 31 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ ముక్కే అసలు యాంటెన్నా. దాన్ని కార్బన్ రాడ్ పక్కన టేపుతో అంటిస్తే సెట్ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. రెండు యాంటెన్నాలుంటే ఒకదానికొకటి లంబంగా పెట్టాలి. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా కొసను విమానం వైపు గురిపెట్టే అలవాటు చాలామందికి ఉంది. కొస దిశలోనే సంకేతం అన్నింటికంటే బలహీనంగా ఉంటుందని వారికి ఎవరూ చెప్పినట్టు లేరు.

సాఫ్ట్‌వేర్ కొత్త రకం చిక్కులు తెచ్చింది. ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్‌లో 2వ వెర్షన్ రిసీవర్ 3వ వెర్షన్ ట్రాన్స్‌మిటర్‌తో కలవదు, రెండూ సరిపోవాలి. ముందుగా విమానానికి బ్యాటరీ పెట్టి, కబుర్లలో పడి ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయడం ఆలస్యమైతే, మామూలు సెట్టింగులో 60 సెకన్ల తర్వాత రిసీవర్ వైఫై మోడ్‌లోకి వెళ్లిపోతుంది. ఇక బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాల్సిందే. కొత్తవారు దీన్ని చెడిపోయిన రిసీవర్ అనుకొని తిరిగి పంపేయడం చూశాను. ఫెయిల్‌సేఫ్, అంటే లింక్ తెగితే రిసీవర్ ఏం చేయాలో చెప్పే సెట్టింగు, కూడా తప్పక పెట్టుకోవాలి: కొన్ని రిసీవర్లు లింక్ తెగితే చివరి స్థితినే పట్టుకొని ఉంటాయి, అంటే ఫుల్ థ్రాటిల్‌లో తెగితే ఫుల్ థ్రాటిల్‌తోనే పోతుంది. ప్రొపెల్లర్ తీసి, ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి మోటారు ఆగుతోందో లేదో కొత్త విమానానికి ప్రతిసారీ చూస్తాను.

చేతిలో ఉండే పెట్టె విషయానికొస్తే, పాత పొటెన్షియోమీటర్ స్టిక్కుల్లో ఇక్కడి ఎర్రదుమ్ము చేరి కొన్నాళ్లకు సర్వోలు వణికేవి. హాల్ సెన్సర్ స్టిక్కులలో రాసుకునే భాగం లేదు కాబట్టి ఆ బాధ లేదు. స్క్రీన్లు మాత్రం మధ్యాహ్నపు ఎండలో సరిగా కనబడవు. అందుకే నేను స్వరహెచ్చరికలనే నమ్ముకుంటాను.

ఒక పరిమితి చెప్పాలి. నగరంలోనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం, జక్కూరు, యలహంక వైమానిక స్థావరం ఉండటం వల్ల మాలాంటివాళ్లం డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసుకొని ఊరికి బాగా దూరంగా వెళ్తాం. అక్కడ వైఫై గోల తక్కువ. పైన రాసిన మంచి మాటలకు ఆ నిశ్శబ్దం కూడా కొంత కారణం. అపార్ట్‌మెంట్ల మధ్య మైదానంలో అదే సెట్‌తో లింక్ నాణ్యత తేలికగా పది, ఇరవై పాయింట్లు పడిపోవడం చూశాను, విమానం మాత్రం చేయి జారలేదు. ఆన్‌లైన్‌లో దొరికే 915 మెగాహెర్ట్జ్ సెట్లు అమెరికా బ్యాండు కోసం చేసినవి. ఆ దరిదాపుల్లో మన దేశంలో లైసెన్సు అక్కర్లేనిది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకే. ఆ 915 సెట్ల జోలికి వెళ్లే అవసరం కంటితో ఎగరేసేవాడికి లేదు.

వర్షాలు తగ్గాక ఒక పెట్రోల్ ఇంజిన్ విమానం కట్టే ఆలోచన ఉంది. దానికీ ఇప్పుడున్న ట్రాన్స్‌మిటరే వాడతాను. కొత్తగా కొనేవి రెండో రిసీవర్ బ్యాటరీ, దానికి వేరే స్విచ్చు.